మందు మానేశాను, కానీ ఆ మాట చెప్పుకోవడానికి మనిషి లేదు

కూకట్‌పల్లి వైపు నుంచి ఒకావిడ పేరు లేకుండా రాసిన ఉత్తరం ఇది. చాలా పెద్ద ఉత్తరం. ముఖ్యమైన సంగతులు మాత్రమే ఇస్తున్నాను. ఆమె కోరినట్టే, గుర్తుపట్టే వీలున్న వివరాలు తీసేశాను.

ఆమెకు ముప్పై తొమ్మిదేళ్లు. ఐటీ కంపెనీలో టీమ్ లీడ్. భర్తదీ అదే రంగం. పదమూడేళ్ల కూతురు, ఎనిమిదేళ్ల కొడుకు. కరీంనగర్ దగ్గరి పల్లె నుంచి వచ్చిన అత్తగారు కూడా వాళ్లతోనే ఉంటారు. తాగుడు ఆఫీసు పార్టీల్లో ఒక గ్లాసు వైన్‌తో మొదలైంది. 2020లో లాక్‌డౌన్ వచ్చి ఇంటి నుంచే పని చేయడం మొదలయ్యాక, సాయంత్రం ఏడింటికి లాప్‌టాప్ మూసి వంటింట్లోకి వెళ్లేలోపు ఒక పెగ్గు అలవాటైంది. వాసన తక్కువని తర్వాత వోడ్కాకు మారింది. స్టీలు నీళ్ల సీసాలో పోసుకుని అందరి మధ్యా తిరుగుతూనే తాగేది. ఒకరోజు పొద్దున కూతురు తన సీసా అనుకుని దాన్ని తీసింది, మూత విప్పింది. ఒక్క మాట అనకుండా సింక్‌లో పెట్టి, ఇంకో సీసా పట్టుకుని స్కూలుకు వెళ్లిపోయింది. ఆ వారంలోనే ఈవిడ భర్తకు అంతా చెప్పి, సైకియాట్రిస్టును కలిసి, కొన్నాళ్లు ఆస్పత్రిలో ఉండి మానేసింది. ఐదు నెలలైంది. అత్తగారికి మాత్రం థైరాయిడ్ అని చెప్పారు.

ఆ తర్వాతి సంగతి ఆమె మాటల్లోనే: "డాక్టర్ చెబితే సికింద్రాబాద్‌లో ఒక ఏఏ (ఆల్కహాలిక్స్ అనానిమస్, తాగుడు మానాలనుకునేవాళ్ల బృందం) మీటింగ్‌కు వెళ్లాను. చర్చి హాలు. అంతా మగవాళ్లే, నేనొక్కదాన్నే ఆడమనిషిని. తలుపు పక్కన కూర్చున్నాను. వాళ్లు చెప్పేది వింటుంటే సిగ్గుతో చచ్చిపోయాను, ఎందుకంటే అదంతా నా కథే. అయిపోయాక ఒకాయన సాయం చేస్తానని నంబర్ తీసుకున్నాడు. రాత్రి పదకొండు దాటాక మెసేజ్‌లు. 'నిద్ర పట్టడం లేదా, నాతో మాట్లాడు' అని. బ్లాక్ చేశాను. మళ్లీ వెళ్లలేదు. విదేశాల్లో ఉండే ఆడవాళ్ల ఆన్‌లైన్ గ్రూపులో చేరాను. వాళ్ల బాధ వేరు, నా ఇల్లు వేరు అనిపించింది. మా ఆయన మంచివాడే. కానీ 'మానేశావుగా, ఇంకా ఆ గోల ఎందుకు' అంటాడు. ఆయన శనివారాలు బాల్కనీలో స్నేహితులతో తాగుతాడు. మగాడు మానేస్తే మారాడంటారు. ఆడది మానేసిందంటే, అయితే ఇన్నాళ్లూ తాగేదన్నమాట అంటారు. నాలాంటి ఆడవాళ్లు, తెలుగువాళ్లు, ఉద్యోగం చేసేవాళ్లు ఎక్కడుంటారు? అలాంటి గ్రూపు దొరక్కపోతే ఒంటరిగా లాగించలేనా? దసరాకు ఊరెళ్తే కల్లు పోస్తారు. మా అత్తగారు కూడా పండక్కి ఒక గ్లాసు తాగుతారు. వద్దంటే ఏం చెప్పను?"

సమాధానం:

మీ ఉత్తరంలో నన్ను ఆపేసిన వాక్యం ఒకటుంది. ఆ హాల్లో సిగ్గుతో చచ్చిపోయానని రాసి, వెంటనే "అదంతా నా కథే" అన్నారు. వాళ్లంతా మగవాళ్లు. మీ ఉద్యోగం, మీ ఇల్లు, మీ వంటింటి సాయంత్రాలు వాళ్లకు తెలియవు. అయినా వాళ్లు చెప్పింది మీ కథే అయింది. అంటే ఆ మీటింగ్ తన పని తాను చేసింది. దాని తర్వాత జరిగింది వేరే సంగతి.

మళ్లీ వెళ్లకపోవడానికి మీకు రెండు కారణాలున్నాయి. ఆ రెండూ కలిసిపోయి మీకు ఒకటే కారణంలా కనిపిస్తున్నాయి. మొదటిది సిగ్గు. ఇన్నాళ్లూ స్టీలు సీసాలో దాచినదాన్ని పదిమంది ముందు పెట్టాల్సి రావడం. రెండోది ఆ రాత్రి మెసేజ్‌లు. మొదటిది దాటాల్సినది, మీకు కష్టమైనా సరే. రెండోది మీరు ఏ రోజూ భరించాల్సిన పని లేదు. ఆడవాళ్లకే ప్రత్యేకమైన గ్రూపు కావాలని మీరు అడుగుతున్నది రెండో కారణం వల్లయితే అది నూటికి నూరుపాళ్లు న్యాయం. మొదటి కారణం వల్లయితే, అచ్చం మీలాంటివాళ్లే ఉన్న గ్రూపు దొరికినా సరే, అక్కడా మీరు తలుపు పక్కనే కూర్చుంటారేమోనని నా భయం.

ముందు ఆ మనిషి సంగతి తేల్చేద్దాం. మానేసిన కొత్తలో ఉన్న ఆడమనిషికి, పాతకాపు అయిన మగవాడు సాయం పేరుతో దగ్గరవడం ఏఏలో ప్రపంచమంతటా తెలిసిన జబ్బే. అందుకే అక్కడ పెద్దవాళ్లు ఆడవాళ్లకు ఆడవాళ్లే స్పాన్సర్‌గా ఉండాలని చెబుతారు. స్పాన్సర్ అంటే ముందే మానేసి, కొత్తగా వచ్చినవారికి చెయ్యి అందించే మనిషి. మీరు బ్లాక్ చేసి మంచి పని చేశారు. ఆ గ్రూపు సెక్రటరీకి ఫోన్ చేసి జరిగింది చెప్పవచ్చు కూడా. ఏఏలో పైనుంచి హుకుం జారీ చేసే అధికారి ఎవరూ ఉండరు, ఏ గ్రూపు నిర్ణయం ఆ గ్రూపుదే. కాబట్టి ఒక సెక్రటరీ గట్టిగా మందలించవచ్చు, ఇంకొకరు నీళ్లు నమలవచ్చు. ఆ జవాబును బట్టే ఆ గ్రూపు ఎలాంటిదో మీకు తెలిసిపోతుంది. అతను వేరే నంబర్ల నుంచి మళ్లీ వెంటపడితే ఇక ఆ గ్రూపుతో పని లేదు. హైదరాబాద్‌లో ఆడవాళ్లను వేధించేవాళ్ల పని పట్టే పోలీసు బృందాలు, షీ టీమ్స్, 2014 నుంచి ఉన్నాయి, 100కు ఫోన్ చేసినా చాలు. ఫిర్యాదులో మీకు ఎక్కడ పరిచయమయ్యాడో చెప్పాల్సి వస్తుందన్న భయం ఉంటుంది. ఒక మీటింగ్‌లో కలిశాడని చెబితే సరిపోతుంది. గ్రూపులో పేర్లు బయటపెట్టకూడదన్న నియమం మానేయాలనుకునేవాళ్లను కాపాడటానికి పెట్టుకున్నది. వేధించేవాడు దాని చాటున దాక్కుంటానంటే కుదరదు.

ఇక మీ పెద్ద ప్రశ్న. ఆడవాళ్లెక్కడ?

ఉన్నారు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, పదిహేనేళ్లు దాటిన ఆడవాళ్లలో మద్యం తాగుతామని చెప్పినవాళ్లు దేశం మొత్తం మీద 1.3 శాతమైతే, తెలంగాణలో 6.7 శాతం. ఇందులో పల్లెల వాటా ఎక్కువ. తాగే ప్రతి మనిషీ వ్యసనపరురాలు కాదు, నిజమే. కానీ అంతమందిలో కొందరికైనా అది చెయ్యి దాటిపోతుంది. వాళ్లు మీటింగుల్లో ఎందుకు కనిపించరంటే, మీరు రాసిన కారణమే. తెలుగునాట మద్యం గురించి మాట్లాడినప్పుడల్లా ఆడమనిషికి మనం ఇచ్చిన చోటు ఒక్కటే. తాగే మొగుడితో వేగే భార్య, లేదా దూబగుంటలో సారా దుకాణం మూయించిన వీరనారి. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లాలో మొదలైన ఆ ఉద్యమం వల్ల 1993లో సారా నిషేధం, 1995లో సంపూర్ణ మద్య నిషేధం వచ్చాయి. నిషేధం రెండేళ్లకే సడలిపోయినా, ఆ ఆడవాళ్లంటే నాకు ఎనలేని గౌరవం. కానీ ఆ కథలో తాగే ఆడదానికి చోటు లేదు. మానేసిన ఆడదానికి అసలే లేదు. మీరు ఒంటరినని అనుకోవడంలో మీ తప్పేమీ లేదు.

ఆడవాళ్ల శరీరం సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే "మా ఆయన ఇరవై ఏళ్లుగా తాగుతున్నా బాగానే ఉన్నాడు, నేనే ఇలా అయ్యాను" అని ఉత్తరంలో ఒకచోట మిమ్మల్ని మీరే తిట్టుకున్నారు. ఆడవాళ్ల ఒంట్లో నీటి శాతం తక్కువ. కడుపులోనే మద్యాన్ని కొంత విరగ్గొట్టే ఎంజైమ్ కూడా మగవాళ్లలో కంటే తక్కువ పని చేస్తుంది. అందుకే అదే పెగ్గుకు మీ రక్తంలో మద్యం ఎక్కువ చేరుతుంది. కాలేయం త్వరగా చెడుతుంది, అలవాటు వ్యసనంగా మారడానికి తక్కువ ఏళ్లు పడుతుంది. ఆయనకన్నా మీరు బలహీనులని దానర్థం కాదు. ఇన్ని ఏళ్లకు ఇలా అవుతుందని మీకు ఎవరూ చెప్పలేదు, అంతే.

గ్రూపు లేకుండా నడవదా అని అడిగారు. నడిచినవాళ్లున్నారు. డాక్టర్, మాత్రలు, ఇంట్లో అర్థం చేసుకునే ఒక మనిషి, ఇంతే ఆసరాతో ఏళ్ల తరబడి ముట్టనివాళ్లు ఉన్నారు. కానీ మీ విషయంలో నాకు భయమేస్తోంది. మీరు తాగింది రహస్యంగా, మానేసిందీ రహస్యంగానే. అత్తగారికి థైరాయిడ్, ఆఫీసులో వైరల్ ఫీవర్. తాగే రోజుల్లో ఎంత దాచాల్సి వచ్చిందో మానేశాక కూడా అంతే దాచాల్సి వస్తోంది. దాచుకోవడం అలవాటుగా ఉన్న ఇంట్లోకి ఆ సీసా మళ్లీ రావడం పెద్ద కష్టం కాదు. ఎవరో ఒకరి ముందు మీరు పూర్తిగా బయటపడి ఉండాలి. అది గ్రూపే కావాలని లేదు, కానీ గ్రూపు అందుకోసమే పుట్టింది.

ఇప్పుడు మీకున్న దారులు చూద్దాం.

ఏఏకే మళ్లీ వెళ్లడం ఒకటి, ఈసారి మీ షరతుల మీద. 1935లో అమెరికాలోని ఏక్రన్ అనే ఊళ్లో ఇద్దరు మగవాళ్లు మొదలుపెట్టినది అది. మొదటి ఏళ్లలో అక్కడా ఆడవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంతే. ఫీజు లేదు, హాజరుపట్టీ లేదు, ఇంటిపేరు అడగరు. తాగుడు మానాలన్న కోరిక ఉంటే చాలు, సభ్యులే. చర్చి హాలు అని కాస్త వెనకాడారు గానీ, సాయంత్రం ఖాళీగా ఉండే హాలు తక్కువ అద్దెకు దొరుకుతుందనే చాలా చోట్ల అక్కడ పెడతారు. దేవుడి ప్రస్తావన ఉంటుంది, ఎవరు అనుకునే దేవుడు వారికి అన్న పద్ధతిలో. వెళ్లే ముందు ఫోన్ చేసి మూడు సంగతులు కనుక్కోండి. ఆడవాళ్లు క్రమం తప్పకుండా వచ్చే మీటింగ్ నగరంలో ఏది? వాళ్లలో ఒకరు నాతో ముందుగా ఫోన్‌లో మాట్లాడతారా? అది ఓపెన్ మీటింగా, క్లోజ్డ్ మీటింగా? ఓపెన్ అంటే కుటుంబసభ్యులు, విద్యార్థులు, ఎవరైనా రావచ్చు. క్లోజ్డ్ అంటే మానాలనుకునేవాళ్లకే ప్రవేశం. అపార్ట్‌మెంట్‌లో తెలిసినవాళ్లు చూస్తారన్న భయానికి క్లోజ్డ్ మేలు. మీ ఆయన్ని తోడు తీసుకెళ్లాలంటే ఓపెన్‌కే వెళ్లాలి. మీ పేటలోది కాకుండా దూరపు మీటింగ్ ఎంచుకోవచ్చు. మెట్రో ఉన్నాక కూకట్‌పల్లి నుంచి నగరం ఆ చివరికి వెళ్లడం పెద్ద పని కాదు. మగవాళ్లెవరికీ నంబర్ ఇవ్వొద్దు. "నేను ఆడవాళ్లకే ఇస్తాను" అని చెబితే నొచ్చుకునేవాడు నొచ్చుకోనివ్వండి.

దీనివల్ల మంచి ఏమిటంటే, ఏళ్ల తరబడి మానేసిన మనుషులు ఎదురుగా కనిపిస్తారు. ఆ నమ్మకం చదివితే వచ్చేది కాదు. ఇబ్బంది ఏమిటంటే, మగవాళ్ల మధ్య కొన్ని మాటలు మీరు చెప్పలేరు. పిల్లాడికి అన్నం పెట్టడం మర్చిపోయిన రాత్రి గురించి, నెలసరి ముందు రోజుల్లో ఎక్కువయ్యే కోరిక గురించి, తాగిన మత్తులో జరిగిన, మీరు ఉత్తరంలో సగంలో ఆపేసిన ఆ సంగతి గురించి. ఆ మాటలకు ఒక ఆడమనిషి కావాలి. మీటింగ్‌లో ఒక్క స్త్రీ ఉన్నా, ఆమెతో బయట కూర్చుని చెప్పుకోవచ్చు.

ఆన్‌లైన్ రెండో దారి. మీరు దాన్ని తొందరపడి వదిలేశారనిపిస్తోంది. మీలాగే మగవాళ్ల మధ్య ఊపిరాడని జీన్ కర్క్‌పాట్రిక్ అనే అమెరికన్ మహిళ 1970లలో ఆడవాళ్ల కోసమే వుమెన్ ఫర్ సోబ్రైటీ అనే సంస్థ పెట్టింది. మగవాళ్లకు తాగుడు అహాన్ని పెంచుతుంది కాబట్టి వాళ్లకు అణకువ నేర్పాలేమో గానీ, అప్పటికే తనను తాను ఛీ కొట్టుకుంటున్న ఆడదానికి ఇంకా తల వంచమంటే ఏం లాభం అన్నది ఆమె వాదన. మీ ఉత్తరం చదివాక ఆమె మాట నాకు ఇంకా సరిగ్గా తోచింది. దేవుడి ఊసు వద్దనుకునేవాళ్లకు 1994లో మొదలైన స్మార్ట్ రికవరీ ఉంది. ఆలోచనల తీరును మార్చుకోవడం మీద నడుస్తుంది, ఇంజినీరింగ్ బుర్రలకు బాగా నచ్చుతుంది. 2020 నుంచి ఏఏ మీటింగులు కూడా పెద్ద ఎత్తున ఆన్‌లైన్‌కు వచ్చాయి. మన దేశంలోని ఆడవాళ్లవి ఏవైనా ఉన్నాయా అని అదే ఫోన్‌లో అడగండి.

టైమ్ కుదరడం లేదన్నారు. అక్కడి సాయంత్రం మీటింగులు మనకు తెల్లవారుజామున పడతాయి, అవి మీకు పనికిరావు. కానీ అక్కడి పొద్దుటి మీటింగులు చూడండి. న్యూయార్క్‌లో ఎండాకాలపు టైమ్ నడిచే నెలల్లో పొద్దున పది అంటే మనకు సాయంత్రం ఏడున్నర. మీరు లాప్‌టాప్ మూసి వంటింట్లోకి వెళ్లే వేళ. ఐదు నెలలైనా రోజూ ఆ గంటే గండంలా ఉందని మీరే రాశారు. సరిగ్గా ఆ గంటలో చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని, కెమెరా ఆపేసి, కూరగాయలు తరుగుతూ పదిమంది ఆడవాళ్ల మాటలు వినగలిగితే, వాళ్లు ఏ దేశం వాళ్లయితేనేం? వాళ్ల బాధ వేరు అన్నారు. వాళ్లకు అత్తగారు ఉండకపోవచ్చు, అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపు ఉండకపోవచ్చు. కానీ సీసా ఎక్కడ దాచాలో, చూయింగ్ గమ్ ఎప్పుడు నమలాలో తెలిసినవాళ్లే. అయితే ఆన్‌లైన్‌లో తప్పించుకోవడం సులువు. ఒక క్లిక్‌తో వెళ్లిపోవచ్చు, మీరు రాకపోయినా ఎవరికీ తెలియదు. కాబట్టి ఆ గ్రూపులో కనీసం ఒక మనిషికి మీ రోజు ఎలా గడిచిందో చెప్పే అలవాటు చేసుకుంటేనే అది పని చేస్తుంది.

మూడో దారి మీ డాక్టర్ ద్వారా. ఆవిడ దగ్గరికి వచ్చే ఆడవాళ్లలో మానేసినవాళ్లు మీరొక్కరే అయ్యుండరు. "ఇంకెవరైనా ఒప్పుకుంటే, నా నంబర్ ఆమెకు ఇవ్వండి" అని అడగండి. ఇద్దరూ ఒప్పుకున్నాకే డాక్టర్ ఆ పని చేయాలి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం కింద మీ వైద్యం వివరాలు గోప్యంగా ఉంచడం మీ హక్కు, మద్యం వల్ల వచ్చే మానసిక సమస్యలూ ఆ చట్టం పరిధిలోకే వస్తాయి. కొన్ని ఆస్పత్రుల్లో గ్రూప్ థెరపీ ఉంటుంది, ఆడవాళ్లకు విడిగా పెడతారేమో కనుక్కోండి. ఎర్రగడ్డలోని ప్రభుత్వ మానసిక ఆరోగ్య సంస్థలో ఖర్చు తక్కువ. ఎర్రగడ్డ పేరును మనూళ్లో తిట్టుగా వాడి వాడి ఎంతమందిని వైద్యానికి దూరం చేశామో తలుచుకుంటే బాధేస్తుంది. మీకిప్పుడు మళ్లీ ఎక్కడా చేరాల్సిన అవసరం కనిపించడం లేదు. ఎవరైనా ఫలానా రీహాబ్ అని లాగితే, ఆ చట్టం కింద దానికి రిజిస్ట్రేషన్ ఉందో లేదో చూశాకే ఆలోచించండి.

అలా ఒకరిద్దరు దొరికితే మీరే చిన్న గుంపుగా కూడవచ్చు. ముగ్గురు ఆడవాళ్లు ఆదివారం పొద్దున కేబీఆర్ పార్కులో మాట్లాడుకుంటూ నడుస్తుంటే హైదరాబాద్‌లో ఎవరూ రెండోసారి చూడరు. తెలుగులో, మీ ఇళ్ల సంగతులతో, ఏదీ విడమరచి చెప్పనక్కర లేకుండా మాట్లాడుకోవచ్చు. మీరు కోరుకున్నదానికి ఇదే అన్నిటికన్నా దగ్గర. ఇందులో ప్రమాదం కూడా ఉంది, దాచను. ముగ్గురూ కొత్తవాళ్లే అయితే, ఒకరు జారిన రోజు మిగతా ఇద్దరూ బెదిరిపోతారు, లేదా వాళ్లూ జారతారు. అందుకని ఇది మీకున్న ఏకైక ఆసరా కాకూడదు. డాక్టర్‌నో, పాత మనుషులున్న మీటింగ్‌నో పక్కన ఉంచుకునే ఇది చేయండి. ఇలాంటి ఉత్తరాలు రాసిన ఆడవాళ్లు నాకు ఇంకొందరు తెలుసు. కానీ ఎవరి వివరాలూ మరొకరికి ఇవ్వను, మీవీ ఇవ్వను. ఆ మాట మీకు కోపం తెప్పించినా, మీ పేరు కాపాడేది కూడా అదే.

ఏ గ్రూపయినా ఒక్కసారికే తేల్చేయకండి, ఐదారు సార్లయినా వెళ్లి చూడండి. కానీ కొన్ని కనిపిస్తే మాత్రం రెండోసారి కూడా వద్దు. డబ్బు అడిగితే, డాక్టర్ మాత్రలు మానేయమంటే, ఒకే మనిషి గురువులా కూర్చుని మిగతావాళ్లంతా తలూపుతుంటే, ఒకరు చెప్పుకున్నది ఇంకొకరి నోట బయట వినిపిస్తే వచ్చేయండి. మాత్రల విషయంలో సభ్యులు వైద్యం చేయకూడదని ఏఏ వాళ్ల పుస్తకాలే చెబుతాయి.

మీ ఆయన గురించి. "ఇంకా ఆ గోల ఎందుకు" అన్న మాట వెనక ఆయన భయం కూడా ఉందేమో. ఆ సంగతి ఎత్తితే అది తిరిగొస్తుందని చాలామంది భర్తలు అనుకుంటారు. తాగడం ఆపడం ఒక రోజు పని, నిద్ర, మనసు, కోపం సర్దుకోవడానికి నెలలు పడుతుందని డాక్టర్ నోటితోనే ఆయనకు చెప్పించండి. తాగేవాళ్ల కుటుంబాల కోసం 1951 నుంచి అల్-అనాన్ ఉంది. అది భార్యలకే అనుకుంటారు గానీ, భర్తలు కూడా వెళ్లవచ్చు. ఇవన్నీ ఆయన ఒప్పుకోకపోయినా మూడు మాత్రం గట్టిగా అడగండి, బతిమాలొద్దు. ఇంట్లో సీసా ఉండకూడదు, బాల్కనీ పార్టీలు కనీసం ఒక ఏడాది బయటెక్కడైనా పెట్టుకోవాలి. మీ మీటింగ్ వేళకు పిల్లల్ని ఆయనే చూసుకోవాలి. షుగర్ వచ్చిన మనిషి ఇంట్లో స్వీట్ల డబ్బా తెరిచి టేబుల్ మీద పెట్టరు కదా. ఇదీ అంతే. ఆయన కాదంటే మీరేం చేయాలన్నది ఇంకో పెద్ద ఉత్తరానికి సరిపోయే సంగతి. కానీ అడగకుండానే కాదంటారని అనుకోవద్దు.

పాప విషయం మీరు అడగలేదు, అయినా చెబుతాను. ఆమెకు తెలుసు. తెలిసి ఐదు నెలలుగా ఒంటరిగా మోస్తోంది. ఆమెకు వివరాలు అక్కర్లేదు. "ఆ రోజు నువ్వు చూసింది నిజమే. అది జబ్బు. వైద్యం చేయించుకుంటున్నాను. నీ వల్ల వచ్చింది కాదు, నువ్వు కాపలా కాయాల్సిన పనీ లేదు" అని మీ నోటితో వింటే చాలు. ఆమె మాట్లాడకపోతే ఆరోజుకు వదిలేయండి.

ఇక దసరా. ముందు డాక్టర్‌ను ఒక ప్రశ్న అడగండి. మీరు వేసుకునే మాత్రల్లో డైసల్ఫిరామ్ ఉందా? ఉంటే కల్లు ఒక గుక్క తాగినా గుండె దడ, వాంతులు, బీపీ పడిపోవడం, ప్రాణం మీదికి కూడా రావచ్చు. ఆపేసిన రెండు వారాల దాకా కూడా ఆ ప్రభావం ఉండవచ్చు. అది లేకపోయినా, చెట్టు కల్లు ఏం కాదులే అన్న మాట మీకు వర్తించదు. పులిసిన కల్లులోనూ ఆల్కహాలే ఉంటుంది. దుకాణంలో కల్తీ కల్లయితే అల్ప్రాజోలం లాంటి మత్తుమందులు కలుపుతారని తెలంగాణలో అందరికీ తెలుసు. ఒక వ్యసనం వదిలిన మనిషికి అది ఇంకో వ్యసనాన్ని అంటగడుతుంది.

అత్తగారితో మాట్లాడే విషయంలో మీకు రెండు దారులు. "మందులు వాడుతున్నా, డాక్టర్ వద్దన్నారు" అనడం ఒకటి. అది అబద్ధం కూడా కాదు, ఈ పండక్కి సరిపోతుంది. కానీ సంక్రాంతికి మళ్లీ చెప్పాలి, ఎవరో పెళ్లిలో మళ్లీ చెప్పాలి. రెండోది, ఊరెళ్లే ముందే ఆమెకు నిజం చెప్పడం. ఇక్కడ నేను కొంచెం ఆశపడుతున్నాను. పండక్కి తానే గ్లాసు ఎత్తే అత్తగారు, ఆడది తాగిందని వినగానే గుండె ఆగినంత పని చేయకపోవచ్చు. ఆ పల్లెలో తాగి చెడినవాళ్లను, మానేసి బాగుపడినవాళ్లను మీకంటే ఎక్కువమందిని చూసి ఉంటారు. ఆమె మీ పక్షాన నిలబడితే, ఆ ఇంట్లో ఎవరూ మీ చేతికి గ్లాసు ఇవ్వరు. అటు తిరిగితే మాత్రం, ఆ మాట చుట్టాలందరికీ చేరే ప్రమాదం ఉంది. ఆమె నోరు ఎలాంటిదో మీకే తెలుసు. ఏ మాత్రం అనుమానమున్నా ఈ ఏటికి మొదటి దారే పట్టండి, లేదా పాప పరీక్షలనో ఆఫీసు పని అనో ఊరికి వెళ్లడమే మానుకోండి. దసరా మళ్లీ ఏడు కూడా వస్తుంది.

వెళితే, మీ గ్రూపులోనో డాక్టర్ దగ్గరో ఒకరి నంబర్ చేతిలో ఉంచుకుని వెళ్లండి. 14416 టెలీ మానస్, 2022 నుంచి నడుస్తున్న ప్రభుత్వ ఉచిత ఫోన్ సేవ. రాత్రి పగలు ఎప్పుడైనా తెలుగులో మాట్లాడతారు. వ్యసనాల కోసం ప్రత్యేకంగా 14446 కూడా ఉంది. ఒకవేళ జారి మళ్లీ రోజూ తాగే దాకా వస్తే, సిగ్గుపడి ఇంట్లోనే ఒక్కసారిగా ఆపే ప్రయత్నం చేయకండి. బాగా అలవాటు పడిన శరీరానికి అలా ఆపితే ఒకటి రెండు రోజుల్లోనే ఫిట్స్ రావచ్చు, ప్రాణాపాయం కూడా. ఐదు నెలల క్రితం వెళ్లిన డాక్టర్ దగ్గరికే మళ్లీ వెళ్లండి, ఆవిడ మిమ్మల్ని తిట్టరు. ఇవేవీ జరగకపోయినా సరే, పండగ లోపే ఒక మీటింగ్‌కు ఫోన్ చేసి ఆ మూడు ప్రశ్నలు అడగండి. వాళ్లేమన్నారో నాకు రాయండి. నగరంలో ఆడవాళ్లు వచ్చే మీటింగ్ అసలు లేదని చెబితే, అది కూడా రాయండి. అప్పుడు ఆన్‌లైన్‌తో మొదలుపెట్టి, మీ డాక్టర్ ద్వారా ఇద్దరిని కూడగట్టే పని ఎలా చేయాలో వివరంగా చెబుతాను.